అధ్యక్షురాలు శ్రీమతి పోతమ్మ గారు

1983 జూన్ 12, ఆదివారం

పోర్టువాళ్లు కొత్త సంవత్సరానికి ఇచ్చిన డైరీ ఇది. ఆరు నెలల నుంచీ మా ఆవిడ భ్రమరాంబ దీన్ని పాలగిన్నె మీద మూతగా వాడుతోంది. ఇవాళ తుడిచి తెచ్చుకున్నాను. నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఇందులో నిజాలే రాస్తాను.

మొదటి నిజం. సూపరింటెండెంటు సీటు గవర్రాజుకి ఇచ్చారు. నాకన్నా జూనియరు. మొన్నమొన్నటిదాకా నా చేత డ్రాఫ్టులు దిద్దించుకున్నవాడు. నాకేం బాధ లేదు.

ఇక అసలు సంగతి. మా సెక్షన్ ప్యూను సన్యాసిరాజు పొద్దున్నే తాటిముంజలు పట్టుకుని గోపాలపట్నంలో మా ఇంటికి వచ్చాడు. అతని ఊరు స్టీల్ ప్లాంటు కింద పోయింది. ఊరంతటినీ తెచ్చి గాజువాక అవతల ఒక కాలనీలో పెట్టారు. ఇప్పుడు ఆ ఊరి ఆడవాళ్లే ఆ ప్లాంటు కట్టుబడిలో కాంక్రీటు తట్టలు మోస్తున్నారు.

"పిల్లా గుంటల్ని ఎక్కడ ఒగ్గీమంటారు బావూ? ఎంటబెట్టుకునే ఎల్తన్నారు. కిందటేడు ఇసక లారీ ఎనక్కొచ్చీసి మా సిలకమ్మొదిన మనవరాలి కాలు మీద నుంచి ఎల్లిపోనాది. సీతాలనీసి, ఇంతుంటాది. ఇప్పటికీ కుంటతంది," అన్నాడు.

కాలనీ చివర కాంట్రాక్టరు వదిలేసిపోయిన రేకుల షెడ్డు ఒకటుందట. అందులో పిల్లల్ని చూసుకునే బాలవాడి పెట్టుకుంటామని స్థలాల ఆఫీసులో అడిగారట. రిజిస్టరైన సంఘం వచ్చి అడిగితే ఇస్తాం, ఊరికే మనుషులొచ్చి అడిగితే ఇవ్వం అన్నారట. ఈలోగా ఆటోనగర్లో పాత ఇనుము వ్యాపారం చేసే ఆయనొకడు ఆ షెడ్డు చుట్టూ తిరుగుతున్నాడు.

"తమరిది పెద్ద డ్రాఫ్టింగు గదా బావూ. తమరే దిక్కు."

గవర్రాజు సూపరింటెండెంటు అయితే అయ్యాడు, వాడి గుమ్మంలోకి ముంజలు పట్టుకుని ఎవరూ వెళ్లలేదు. ఆలోచించి చెప్తానన్నాను. ఆలోచించడానికి ఏముంది? అతను గేటు దాటకముందే నా మనసులో లెటర్‌హెడ్ అచ్చయిపోయింది. వ్యవస్థాపక కార్యదర్శి, శ్రీనివాసరావు, బి.ఏ.

జూన్ 14

భ్రమరాంబకి చెప్పాను. "ఆఫీసులో ఫైళ్లు చాలడం లేదా మీకు?" అంది. సేవాభావం అంటే ఏమిటో విడమరిచి చెప్పాను. పిండి రుబ్బుకుంటూ అంతా విన్నది.

"లెటర్‌హెడ్ ఏ రంగు?" అంది చివర్లో.

నేను దాని మాటే ఎత్తలేదు.

జూన్ 19, ఆదివారం

నియమావళి పూర్తయింది. సొసైటీల చట్టం పద్దెనిమిది వందల అరవై నాటిది, తెల్లదొరలు చేసింది. దానికి తగ్గ భాష ఉండాలని మా రిక్రియేషన్ క్లబ్ నియమావళిని ముందు పెట్టుకుని రాశాను. దీన్ని కాపీ అనకూడదు, ఆధారం అనాలి.

పద్నాలుగో నిబంధన మాత్రం అచ్చంగా నా సొంతం. "కార్యవర్గములో ఎవరైనను వరుసగా మూడు మాసిక సమావేశములకు హాజరు కానిచో వారి పదవి తక్షణమే రద్దగును." తక్షణమే అన్న చోట కలం కాస్త గట్టిగా నొక్కాను. ఆ కాలనీ జనానికి క్రమశిక్షణ నేర్పేవాడు ఒకడుండాలి కదా.

జూన్ 21

సంఘం పెట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. అన్నాల వేళ ఆఫీసు వరండాలో సన్యాసిరాజు చెప్తుంటే పేర్లు రాసుకున్నాను.

"ముందు పోతమ్మ పేరు రాయండి బావూ. ఆయమ్మ తరవాతే ఎవులైనా."

"అయితే అధ్యక్షురాలు ఆవిడేనా?"

"ఆయమ్మ కాకపోతే ఇంకెవులు బావూ!"

ఒక స్త్రీని, అందునా వృద్ధురాలిని అధ్యక్షురాలిని చెయ్యడం నాకు బాగా నచ్చింది. ముసలావిడ పేరుకి కూర్చుంటుంది, సంఘాన్ని కార్యదర్శి నడుపుతాడు. వయసెంత అని అడిగితే, "మా తాత పుట్టీసరికే ఉంది" అన్నాడు. వీళ్ల లెక్కలు ఎప్పుడూ ఇంతే. ఎనభై అని వేశాను. భర్త పేరు అడిగితే, "ఆయమ్మకి మొగుడేటి బావూ!" అని చెంపలు వేసుకున్నాడు. పోయినవాడి మాట ఎత్తకూడదు కాబోలనుకుని వితంతువు అని రాశాను. ఏం పని చేస్తుందంటే, "ఊరు కాత్తాది" అన్నాడు. వృత్తి గడిలో కాపలా అని వేశాను. ఇంటికి నంబరు లేదట, తాడిచెట్ల కింద ఉంటుందట.

ఎనభయ్యేళ్ల వయసులో కాపలా ఉద్యోగం! ఈ దేశం ఎప్పటికి బాగుపడుతుందో.

జూన్ 28

నేను కాక మిగతా ఆరుగురి వేలిముద్రలు, సంతకాలు సన్యాసిరాజు కాలనీ నుంచి పట్టుకొచ్చాడు. "వీరందరును నా సమక్షమున" అని కింద రాసి సంతకం పెట్టాను. గాజువాక ఎంత దూరమని? ఒక రకంగా సమక్షమే.

జులై 5

రిజిస్ట్రారు ఆఫీసులో గుమాస్తా కళ్లజోడు సర్దుకుని నా నియమావళి మొత్తం చదివాడు. నా భాషకి ముగ్ధుడవుతున్నాడనుకున్నాను.

"ఇరవై రెండో నిబంధన," అన్నాడు. "సభ్యులు మద్యము సేవించి క్యారమ్స్ బల్లను సమీపించరాదు. బాలవాడి అన్నారు కదండీ?"

క్యారమ్స్ పిల్లల మానసిక వికాసానికి అన్నాను.

"మరి మద్యం?"

ముందు జాగ్రత్త అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఆ నిబంధన కొట్టేసి, పక్కన నా చేత పొడి అక్షరాలు వేయించుకున్నాడు. అధ్యక్షురాలి వివరాల మీద మాత్రం ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. అంత పకడ్బందీగా రాశాను.

జులై 22

వచ్చింది! రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ వచ్చింది. ఏదో వెతుకుతున్నట్టు వెళ్లి గవర్రాజు బల్ల మీద పెట్టి అక్కడే మరిచిపోయాను. చదివాడు. "పోతమ్మ గారంటే ఎవరండీ?" అన్నాడు. గ్రామ ప్రముఖురాలు అన్నాను. మనిషి కాస్త తగ్గాడు.

రబ్బరు స్టాంపు కూడా చేయించాను. ఎలా పడుతుందో చూద్దామని ఇంట్లో దొరికిన కాగితాలన్నిటి మీదా వేశాను. భ్రమరాంబ పంచాంగం మీద వెయ్యకుండా ఉండాల్సింది.

ఆగస్టు 7, ఆదివారం

మొదటి సమావేశం సన్యాసిరాజు ఇంటి అరుగు మీద. చిలకమ్మని ఇవాళే చూశాను. చేతులు మొరటుగా, గొంతు అంతకన్నా మొరటుగా ఉన్న మనిషి. కాలు నలిగిన సీతాలు ఆవిడ చీరకుచ్చిళ్లు పట్టుకుని నిలబడింది.

ఆ అరుగు మీద ఉన్నది ఒక్కటే కుర్చీ. కార్యదర్శికి వేశారనుకుని దాని వైపు నడిచాను. "అది పోతమ్మ కుర్సీ బావూ" అని సన్యాసిరాజు చెయ్యి పట్టుకుని నన్ను చాప మీద కూర్చోబెట్టాడు. అధ్యక్షురాలు ఎప్పుడొస్తారని అడిగాను.

"ఆయమ్మ నడిసి ఎక్కడికొత్తాది బావూ? కుర్సీ ఏసి యాపమండ కడితే వచ్చినట్టే," అంది చిలకమ్మ.

పక్షవాతమేమో పాపం. రాలేని పెద్దావిడకి కుర్చీ వేసి గౌరవించడం మంచి సంప్రదాయం. కుర్చీ చేతికి వేపమండ కట్టారు, దోమలకి కాబోలు. నేను సంఘజీవనం మీద చాలాసేపు ప్రసంగించాను. పిల్లలు తప్ప అందరూ మెలకువగానే ఉన్నారు.

సెప్టెంబరు 4, ఆదివారం

వాన. రెండు బస్సులు మారాలి. కార్యదర్శికి జలుబు చేస్తే సంఘానికే నష్టం. పకోడీలు తింటూ మినిట్స్ రాసేశాను. "అధ్యక్షురాలు శ్రీమతి పోతమ్మ గారు సభకు అధ్యక్షత వహించి, బాలల భవితవ్యమును గురించి సభ్యులకు ఉద్బోధించిరి." ఆఫీసులో మీటింగులకి ఇలాగే రాస్తాం. ఎవరూ చదవరు.

అక్టోబరు 2, ఆదివారం

గాంధీ జయంతి. క్లబ్బులో పేకాట పోటీ పెట్టారు. మన సంఘ సమావేశం జయప్రదంగా జరిగింది. పోతమ్మ గారు మహాత్ముని ఆశయాలపై ప్రసంగించారు.

నవంబరు 6, ఆదివారం

దీపావళికి వచ్చిన బావమరిది ఇంకా కదల్లేదు. వాణ్ణి వదిలి ఎలా వెళ్లను? పోతమ్మ గారి ప్రసంగం ఈసారి రెండు పేజీలు వచ్చింది. నెలనెలకీ ఆవిడ బాగా మాట్లాడుతోంది.

నవంబరు 9

స్థలాల ఆఫీసు నుంచి ఉత్తరం. పదహారో తేదీన గురునాథరావు గారనే అధికారి తనిఖీకి వస్తారట. సంఘం సక్రమంగా నడుస్తున్నట్టు తేలితే షెడ్డు మనది, లేకపోతే ఆటోనగర్ ఆయనది. మినిట్స్ పుస్తకం సిద్ధంగా ఉంచాలి. "అధ్యక్షురాలు స్వయముగా హాజరుండవలెను."

ఉండవలెను అంటే ఉంటుంది. రిక్షా మాట్లాడితే సరి.

నవంబరు 10

సన్యాసిరాజుని పిలిచి, పదహారో తారీఖున పోతమ్మ గారిని మంచి చీర కట్టించి రిక్షాలో షెడ్డు దగ్గరికి తీసుకురమ్మన్నాను.

"ఆయమ్మని తేవడమేటి బావూ? ఎవులైనా ఆయమ్మ దగ్గిరికే ఎల్లాల."

"నడవలేకపోతే ఎత్తుకుని రండి. నలుగురు మనుషులు చాలరా?"

"అమ్మో! ఏటి మాటలు బావూ అవి!" అని చెంపలు వేసుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం ఇంటికొచ్చి ఈ మూర్ఖత్వం గురించి భ్రమరాంబ దగ్గర వాపోయాను. ఆవిడ చేటలో బియ్యం చెరుగుతూ ఒక్కొక్కటే అడిగింది. మొగుడు లేడా? లేడు. వయసు ఎవరికీ తెలీదా? తెలీదు. తాడిచెట్ల కింద ఉంటుందా? అవును. ఊరు కాస్తుందా? కాస్తుంది. కుర్చీకి వేపమండ కడతారా? కడతారు, దోమలకి.

చేట కింద పెట్టేసింది.

"మిమ్మల్ని హెడ్ గుమాస్తాని ఎవరు చేశారండీ? ఆవిడ అమ్మవారండీ! గ్రామదేవత!"

నవ్వుతుందనుకున్నాను. నవ్వింది కూడా. అంతలోనే ఆగిపోయి, "భర్త గడిలో ఏం రాశారు?" అంది. చెప్పాను. భ్రమరాంబ మొహం తెల్లబోయింది. "అమ్మవారిని వితంతువుని చేసి సర్కారు వారికి ఇచ్చారా!" అని లేచి దేవుడి గదిలోకి వెళ్లిపోయింది. నాకు అన్నం సన్యాసిరాజు ముంజలకన్నా చల్లగా దొరికింది.

నవంబరు 11

జ్వరం. ఆఫీసుకి చీటీ పంపాను. ఎనభయ్యేళ్ల దేవత నా సమక్షంలో వేలిముద్ర వేసినట్టు నా సంతకం. మూడు నెలలు ఉపన్యాసాలిచ్చినట్టు నా దస్తూరి. ఉద్యోగం ముందు పోతుందా, కళ్లు ముందు పోతాయా?

నవంబరు 13, ఆదివారం

కాలనీకి వెళ్లాను. చిలకమ్మని, సన్యాసిరాజుని నిలబెట్టి కడిగెయ్యాలని బస్సులో మాటలు పేర్చుకుంటూ వెళ్లాను.

చిలకమ్మ తాడిచెట్ల కింద ఉంది. మోకాలెత్తు రాయి, మీద రెండు రేకులు, ముందు దీపం. రాయికి పసుపు రాస్తోంది. ఇదన్నమాట మా అధ్యక్షురాలు. నేను చెప్పులు విప్పాను. విప్పాక తిట్టడం కుదరలేదు.

"నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదమ్మా, ఆవిడ దేవతని?" అన్నాను.

"సెప్పడానికేటుంది బావూ? పోతమ్మంటే పోతమ్మే. తమరికి తెలీదని మాకేటి తెలుసు?"

"దేవత పేరు సంఘంలో ఎందుకు రాయించారసలు?"

ఆవిడ చేతి పసుపు చీరకి తుడుచుకుంది.

"ఊరు తీసీసినప్పుడు ఆపీసోళ్లొచ్చి లిస్టు రాసుకున్నారు బావూ. ఇల్లు రాసినారు, పాక రాసినారు, కొబ్బరిసెట్టు రాసినారు, బాయి రాసినారు. ఆయమ్మ పేరు ఎవులూ సెప్పనేదు. మా ఏడుపులో మాకు గురుతు రానేదు. తరవాత అడిగితే, లిస్టులో పేరు నేనోళ్లకి కొత్త సోటు నేదన్నారు. లారీ ఎక్కీటప్పుడు నానే ఒళ్లో ఎట్టుకుని తెచ్చీసినాను. అందుకే ఈసారి పేర్లు రాత్తన్నారంటే, ముందు ఆయమ్మ పేరే రాయమన్నాం."

నాకు ఏడుపొచ్చింది. ఎవరూ చూడకుండా తాడిచెట్టు వైపు తిరిగాను. ఆ లిస్టు రాసినవాడు నాలాంటి గుమాస్తాయే అయ్యుంటాడు. గడిలో ఏం వెయ్యాలో తెలిసినవాడు, తల ఎత్తి ఎవర్నీ అడగనివాడు.

అయినా గుమాస్తా బుద్ధి పోదు కదా. "మరి వేలిముద్ర ఎవరిది?" అన్నాను.

"ఎడం సెయ్యి నాది బావూ. కుడిసెయ్యి ఆయమ్మది. దీపం దాంతోనే గదేటి ఎడతాను."

నేనూ ఆ దీపానికి దణ్ణం పెట్టుకుని బస్సెక్కాను.

నవంబరు 16

ఇవాళ జరిగిందంతా రాయాలి. నా పరువు తక్కువయ్యే చోట కూడా వదలకుండా రాయాలి. అంటే మొత్తం రాయాలి.

భ్రమరాంబ కూడా వస్తానంది. పసుపు కుంకుమలు, గాజులు, రవికెలగుడ్డ, కొబ్బరికాయలు ఒక సంచీ నిండా తెచ్చింది. నేను రాసిన రాతకి ప్రాయశ్చిత్తం. మేం వెళ్లేసరికే ఆడవాళ్లందరూ పని మానుకుని పిల్లల్ని ఎత్తుకుని షెడ్డు ముందు నిలబడి ఉన్నారు. ఆటోనగర్ ఆయన కూడా వచ్చి ఓ పక్కన బీడీ కాల్చుకుంటున్నాడు.

గురునాథరావు గారు జీపు దిగారు. చామనఛాయ, నెమ్మదైన మనిషి. "ప్రెసిడెంటు గారేరీ?" అన్నారు.

"సార్, వృద్ధాప్యము చేత..." అని మొదలుపెట్టాను.

"రా బావూ, సూపిత్తాను," అని చిలకమ్మ ముందు నడిచింది.

తాడిచెట్ల దగ్గర ఆయన రాయిని చూశారు, నన్ను చూశారు, మళ్లీ రాయిని చూశారు. బూట్లు విప్పారు. దణ్ణం పెట్టుకున్నారు. అప్పుడు నా చేతిలోంచి మినిట్స్ పుస్తకం తీసుకున్నారు.

"మహాత్ముని ఆశయాలపై ప్రసంగించింది ఈవిడేనా?"

నేను తాడిచెట్టుకి కాయలెన్ని ఉన్నాయో చూస్తున్నాను.

"మాకు ఇనిపించినంత మాటాడింది బావూ," అంది చిలకమ్మ. "అంత పెద్ద పెద్దగా రాయమని మాం సెప్పనేదు."

ఆయన పెదాలు బిగబట్టుకున్నారు. కోపమో నవ్వో తెలియలేదు.

"సూడమ్మా, మాదీ ఎలమంచిలి పక్క పల్లెటూరే. మా అమ్మవారి మాట నేకుండా మేమూ ఇత్తనం సల్లం. కానీ రేపు ఈ షెడ్డులో ఒక పిల్లడు పడిపోతే, రేకు ఊడి నెత్తిన పడితే, నాను సంజాయిషీ ఎవుర్ని అడగాల? సంతకం పెట్టి జవాబు సెప్పీ మనిషి కావాలి గదా. ఇక్కడే మీటింగు పెట్టి వేరే ప్రెసిడెంటుని ఎన్నుకోండి. ఆ పేర్లు రిజిస్ట్రారుకి పంపించి నాకో కాపీ ఇవ్వండి. ఉన్నది ఉన్నట్టు రాయండి. అలగైతే షెడ్డు మీది. నేదంటే నా సేతిలో ఏటీ నేదు."

ఆటోనగర్ ఆయన బీడీ పారేసి దగ్గరికొచ్చాడు. నా బుర్ర చురుగ్గా పనిచేసిన క్షణం అది. పద్నాలుగో నిబంధన! గొంతు సవరించుకుని, అధ్యక్షురాలు వరుసగా మూడు సమావేశాలకి హాజరు కాలేదు కాబట్టి వారి పదవి తక్షణమే రద్దయినట్టేనని ప్రకటించాను. అందరూ చప్పట్లు కొడతారనుకున్నాను.

"ఆయమ్మ ఏ మీటింగు తప్పినాది బావూ?" అంది చిలకమ్మ. "కుర్సీ ఏసినాం. యాపమండ కట్టినాం. వచ్చి మాటాడింది అనీసి నువ్వే రాసినావు. రానిది నువ్వు."

గురునాథరావు గారు నియమావళి తీసి ఆ నిబంధన పైకి చదివారు. తక్షణమే అన్న చోట ఆయన కూడా గట్టిగానే నొక్కారు.

సన్యాసిరాజు నా కన్నా ఎక్కువ సిగ్గుపడ్డాడు. మాట మార్చాలని, "ముందు ఆయమ్మ సంగతి సూద్దాం. ఆయమ్మ పదవి ఆయమ్మనే అడగాల," అన్నాడు. అడగడానికి వీళ్లకో పద్ధతుంది. చేమంతి పువ్వు తడిపి రాతి నెత్తిన అంటిస్తారు. కుడివైపు పడితే సరే, ఎడంవైపు పడితే కాదు. ఎంతసేపైనా పడేదాకా కూర్చుంటారు. పువ్వు అంటించారు.

"తల్లీ, దిగిపోతావా?" అన్నాడు సన్యాసిరాజు. పువ్వు కదల్లేదు. జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. అధికారి చెయ్యెత్తి ఆగమన్నారు. నేనే పూనుకుని, "అమ్మా, చట్టరీత్యా తమరు రాజీనామా సమర్పించిన పక్షమున..." అన్నాను. పువ్వు ఇంకా గట్టిగా అతుక్కున్నట్టు కనిపించింది.

"తప్పుకోండి," అంది చిలకమ్మ. "ఎవులైనా తల్లిని దిగిపొమ్మంటారేటి?"

సీతాల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఆ నలిగిన పాదాన్ని చేత్తో పట్టుకుని రాతి ముందు పెట్టింది. "తల్లీ, ఈ గుంటలు తలదాసుకోవాల. నీ కుర్సీ నాకు ఇత్తావా? సంతకం నాది, మాట నీది," అంది.

పువ్వు కుడివైపు పడింది. అప్పుడు గాలి లేదు. నేను చూశాను. అక్కడున్న ఆడవాళ్లందరూ ఏడ్చారు, భ్రమరాంబ ఏడ్చింది. నా సంగతి రాయను.

అక్కడితో ఆగితే బాగుండేది. సన్యాసిరాజుకి నా మీద అభిమానం. "మరి మా బావు సంగతేటి? తప్పినాడు నిజమే గానీ, కాగితాలన్నీ రాసినోడు. సెక్రట్రీగా ఉంచమంటాదేమో అడుగుదాం," అని ఇంకో పువ్వు తడిపి అంటించాడు. "తల్లీ, మా శ్రీనివా" అన్నాడో లేదో పువ్వు ఎడంవైపు పడింది.

ఎవరూ నవ్వలేదు. ఆటోనగర్ ఆయన కూడా నవ్వలేదు. ముందు నవ్వింది మా ఆవిడ.

చిలకమ్మ అధ్యక్షురాలు, సన్యాసిరాజు కార్యదర్శి. పోతమ్మ స్థానంలో భ్రమరాంబని సభ్యురాలిగా చేర్చుకున్నారు. నేను వట్టి సభ్యుణ్ణి. గురునాథరావు గారు బూట్లు వేసుకుని తన నోటు నాకు చూపించారు. "అధ్యక్షురాలిని స్వయముగా చూచితిని. పదవి విడుచుటకు ఆమెకు అభ్యంతరము లేదు. కొత్త కార్యవర్గము ఎన్నికైనది." మీ అంత బాగా రాయలేను అన్నారు.

నవంబరు 17

రెండోసారి గాలి వచ్చింది. తాటాకు కదలడం నేను స్పష్టంగా చూశాను.

నవంబరు 18

తాటాకు కదిలింది.

నవంబరు 29

షెడ్డు ఇస్తున్నట్టు ఉత్తర్వు వచ్చింది. చిలకమ్మ పేరు మీద వచ్చింది. సన్యాసిరాజు ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాడు. గవర్రాజు రెండు తీసుకున్నాడు. మిగిలిపోయిన లెటర్‌హెడ్‌ల వెనక భ్రమరాంబ చాకలి పద్దు రాసుకుంటోంది. రంగు బాగుందట. నాకేం బాధ లేదు.

నవంబరు 30

ఉంది. గవర్రాజు విషయంలో కూడా ఉంది.

డిసెంబరు 4, ఆదివారం

వెళ్లకూడదనుకున్నాను. భ్రమరాంబ పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడి, "మీరు రాకపోతే నేను వెళ్తాను. నాకు మూడు మీటింగులు తప్పే ఉద్దేశం లేదు," అంది. రెండు బస్సులు మారి వెళ్లాం.

షెడ్డు గుర్తుపట్టలేకపోయాను. నేలంతా అలికి ముగ్గేశారు. రేకుల కంతలు మూశారు. గుమ్మానికి పిల్లలకి అందనంత ఎత్తులో గడియ బిగించారు. ఒక పక్క వెదురు ఊచకి ఉయ్యాలలు, చీరలవి. ఆదివారమైనా పిల్లలందరూ అక్కడే ఉన్నారు, ఇళ్లకి వెళ్లమంటే వెళ్లడం లేదట. కుర్చీ ఒక్కటే ఉంది, దానికి వేపమండ ఉంది. అధ్యక్షురాలు చిలకమ్మ కింద కూర్చుంది.

"నిలబడిపోనావేటి బావూ, కూసో," అంది నన్ను చూసి. చాప మీద కూర్చున్నాను.

సమావేశం మొదలైంది. ఉప్మా ఎవరు చెయ్యాలి, మంచినీళ్లు ఎక్కణ్ణుంచి తేవాలి, మేకలు లోపలికి రాకుండా ఏం కట్టాలి. అన్నిటి మీదా నాకు అభిప్రాయాలున్నాయి. చెప్పడానికి లేవబోయేసరికి సీతాలు కుంటుకుంటూ వచ్చి నా తొడ మీద తలపెట్టి పడుకుంది. ఎవరనుకుందో మరి. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. లేస్తే పిల్ల లేస్తుంది. దాంతో మొదటిసారి ఒక మీటింగంతా మాట్లాడకుండా కూర్చున్నాను. కాలు తిమ్మిరెక్కింది. మేకల సంగతి నేను చెప్పకపోయినా తేలిపోయింది.

చివర్లో సన్యాసిరాజు తను రాసిన మినిట్స్ చదివాడు. అతనికి నా భాష రాదు. ఎవరొచ్చారో, ఏమనుకున్నారో, అంతే రాశాడు.

"పోతమ్మ వచ్చినాది. సిలకమ్మ వచ్చినాది. భ్రమరాంబమ్మగారు వచ్చినారు. శ్రీనివాసరావు బావు వచ్చినారు."

ప్రసంగించానని రాయలేదు. కనీసం సూచనలు చేశానని ఒక ముక్క చేర్చమందామని నోటిదాకా వచ్చింది. పిల్ల నిద్రలో నా పంచె గట్టిగా పట్టుకుంది. ఊరుకున్నాను.